హెడ్‌లైటు బల్బు: వేడి ఎటు పోతుంది, వెలుతురు ఎక్కడ పడుతుంది

గత కార్తీక మాసంలో మేమందరం అనంతగిరి కొండ మీద పద్మనాభస్వామి దర్శనం చేసుకుని, వికారాబాద్ మీదుగా హైదరాబాద్‌కు తిరిగి వస్తున్నాము. చేవెళ్ళ దాటిన తర్వాత మొయినాబాద్ వైపు రోడ్డుకు రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు ఉంటాయి. ఆ మానుల కింద పట్టపగలే చీకటిగా ఉంటుంది; రాత్రి ఎనిమిది దాటితే హెడ్‌లైటు ఎంత దూరం చూపిస్తే అంతవరకే రోడ్డు. మోటారు సైకిలు మీద మా ముందు వెళ్తున్న తమ్ముడు, టీ తాగిన చోట ఫోను మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి, వెనక్కి తిరిగి మాకు ఎదురుగా వచ్చాడు. మమ్మల్ని దాటిన వెంటనే బండి ఆపి చెయ్యి ఊపాడు. నేనూ కారు పక్కకు తీసి ఆపాను.

"అన్నయ్యా, నువ్వు డిమ్ములోనే వస్తున్నావా?" అని అడిగాడు.

"డిమ్ములోనే వస్తున్నాను, ఏమైంది?" అన్నాను.

"నీ కారు దాటేదాకా నాకు రోడ్డు అంచు ఎక్కడుందో తెలియలేదు. ఇదిగో, ఈ మానుకు జానెడు దూరంలో పోయింది బండి" అని చెట్టు చూపించాడు. వాడి గొంతులో కోపం లేదు, వణుకు ఉంది.

అంతకు రెండు నెలల ముందే నేను నా కారుకు ఎల్ఈడీ బల్బులు వేయించాను. రోడ్డు తెల్లగా కనిపిస్తోందని, పాత పసుపు వెలుతురు పీడ విరగడైందని ఇంట్లో అందరితోనూ చెప్పుకున్నాను. మా తమ్ముడు కాబట్టి ఆగి చెప్పాడు. ఆ రెండు నెలల్లో నాకు ఎదురుగా వచ్చిన మిగిలినవాళ్ళెవరూ చెప్పే అవకాశం లేకుండానే వెళ్ళిపోయారు. ఆ ఆలోచన నన్ను చాలా రోజులు వదలలేదు. అందుకే ఆ తర్వాత వచ్చిన నాలుగైదు ఆదివారాలు ఈ బల్బుల సంగతి తేల్చుకోవడానికి కేటాయించాను. అప్పుడు తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నాది 2011లో కొన్న చిన్న కారు. దానికి హెచ్4 రకం బల్బు (హై బీమ్, డిమ్ము రెండూ ఒకే బల్బులో ఉండేది), ప్లాస్టిక్ డూమ్ (బల్బు బిగించే హెడ్‌లైటు గూడు), లోపల మెరిసే రిఫ్లెక్టర్ ఉంటాయి; వెలుతురును కూడగట్టి ముందుకు పంపే గుండ్రటి ప్రొజెక్టర్ లెన్సు లేదు. బాలానగర్‌లో కంట్రోల్ ప్యానెళ్ళ పనిలో ఉన్నాను కాబట్టి మల్టీమీటరు, తీగను తెంచకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటరు నా దగ్గరే ఉన్నాయి. రాణిగంజ్‌లోనూ, పుత్లీబౌలిలోనూ తిరిగి మూడు రకాల బల్బులు తెచ్చాను: మామూలు 60/55 వాట్ల (హై బీమ్‌కు 60, డిమ్ముకు 55) హాలోజన్, అదే వాట్లలో ఎక్కువ వెలుతురు ఇస్తుందని చెప్పే ఖరీదైన హాలోజన్, 100/90 వాట్ల హాలోజన్. నాలుగోది కారులో అప్పటికే ఉన్న ఎల్ఈడీ జత. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీ గోడకు సరిగ్గా ఐదు మీటర్ల దూరంలో కారు నిలిపి, ఒక్కో జతను ఇంజన్ నడుస్తుండగా ఇరవై నిమిషాల చొప్పున వెలిగించి చూశాను. దూరం నుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే రిఫ్లెక్టర్ మీద నమ్మదగిన అంకె చూపించదు. అందుకని వేడి విషయంలో అంకెల జోలికి పోకుండా అరచేతినీ, తడిగుడ్డనూ, బల్బు వెనక ఉండే రబ్బరు మూత పరిస్థితినీ నమ్ముకున్నాను.

ముందు హాలోజన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మన రోడ్ల మీద తిరిగే పాత కార్ల డూములన్నీ దాని కోసమే తయారయ్యాయి. 1962లో హెచ్1తో యూరప్‌లో మొదలైన ఈ బల్బు, 1971లో రెండు ఫిలమెంట్ల (వెలిగే తీగల) హెచ్4గా వచ్చింది. లోపలి టంగ్‌స్టన్ తీగ దాదాపు 2,900 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర వెలుగుతుంది. అంత వేడికి తీగ నుంచి టంగ్‌స్టన్ కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. మామూలు బల్బులో ఆ ఆవిరి గాజుకు అంటుకుని నల్లగా మారుస్తుంది. హాలోజన్‌లో ఉండే అయోడిన్ లేదా బ్రోమిన్ ఆ ఆవిరితో కలిసి, దాన్ని తిరిగి తీగ దగ్గరకే చేరుస్తుంది. ఈ రాకపోకలు సాగాలంటే బల్బు గోడ కనీసం 250 డిగ్రీలు దాటి వేడిగా ఉండాలి. అందుకే మామూలు గాజు కాకుండా క్వార్ట్జ్ వాడతారు, బల్బును వేలంత చిన్నదిగా చేస్తారు. అంటే హాలోజన్ బల్బు వేడిగా ఉండటం లోపం కాదు, అది బతకడానికి కావలసిన షరతే. మే నెలలో మన ఊళ్ళో 43 డిగ్రీల ఎండ కాసినా దానికి ఏమీ తేడా లేదు.

అయితే ఆ 55 వాట్లలో కంటికి కనిపించే వెలుతురుగా మారేది పదో వంతు కూడా ఉండదు. మిగిలినది చాలావరకు కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా, వెలుతురుతో పాటే రిఫ్లెక్టర్‌కు తగిలి, ముందు గ్లాసులోంచి బయటకు పోతుంది. గోడ ముందు ఇరవై నిమిషాలు వెలిగించాక డూమ్ ముందు అరచేయి పెడితే, కుంపటి ముందు పెట్టినంత సెగ స్పష్టంగా తగిలింది. ముందు గ్లాసు మీద పరిచిన తడిగుడ్డ మధ్య భాగం ముందుగా ఆరింది. వెనక రబ్బరు మూత మాత్రం గోరువెచ్చగా ఉంది. హాలోజన్ తన వేడిని తానే ముందుకు పంపేసుకుంటుందన్న ఈ ఒక్క సంగతి గుర్తుంటే, తర్వాత చెప్పేవి సులభంగా అర్థమవుతాయి.

ఖరీదైన హాలోజన్‌లో వాట్లు అవే ఉంటాయి. తీగను మరింత సన్నగా, దగ్గరగా చుట్టి, కొంచెం ఎక్కువ వేడి దగ్గర వెలిగిస్తారు; వెలుతురు పుట్టే చోటు చిన్నదవుతుంది కాబట్టి రిఫ్లెక్టర్ దాన్ని రోడ్డు మీద ఇంకా కచ్చితంగా పేర్చగలుగుతుంది. గోడ మీద డిమ్ము వెలుతురు ఆగి పైన చీకటి మొదలయ్యే గీత మునుపటి కంటే పదునుగా కనిపించింది, ఎడమ వైపు పైకి లేచే భాగంలో వెలుతురు పెరిగింది. బదులుగా ఇలాంటి బల్బు త్వరగా మాడిపోతుంది, అది ముందే ఒప్పుకుని కొనాలి. నీలం పూత పూసి "తెల్లని వెలుతురు" అని అమ్మేవి మాత్రం వేరు. ఆ పూత కొంత వెలుతురును మింగేసి రంగు మారుస్తుంది, అంతే. రోడ్డుకు చేరేది తగ్గుతుంది. వాటి మీద డబ్బు పెట్టవద్దని నిస్సందేహంగా చెబుతాను.

100/90 బల్బులంటే నాకు ఒక ప్రత్యేకమైన జ్ఞాపకం ఉంది. మా నాన్నగారి దగ్గర అంబాసిడర్ ఉండేది. దాని ఏడంగుళాల గుండ్రటి హెడ్‌లైటులో ఇలాంటి బల్బులే వేసుకుని శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కేవారు. అప్పట్లో ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ రిఫ్లెక్టర్ ఇనుప రేకు, ముందు గ్లాసు నిజంగా గాజే. నా కారు డూమ్‌లో రెండూ ప్లాస్టిక్. ఇరవై నిమిషాలు కాకముందే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, ఆపేసి చూస్తే ఒక పక్క బల్బు కప్లర్ (బల్బుకు తీగలను తగిలించే ప్లాస్టిక్ సాకెట్) గోధుమ రంగుకు తిరిగి, ఒక పిన్ను దగ్గర మెత్తబడి ఉంది. లెక్క వేస్తే ఆశ్చర్యపోవలసినది ఏమీ లేదు: 12 వోల్టుల దగ్గర 60 వాట్ల బల్బుకు 5 ఆంపియర్లు చాలు, 100 వాట్లకు 8.3 ఆంపియర్లు కావాలి. కారు వైరింగ్‌లోని అదే సన్నని తీగలో కరెంటు ఒకటిన్నర రెట్లు దాటితే, తీగలో పుట్టే వేడి దాని వర్గం లెక్కన పెరిగి, దాదాపు రెండున్నర రెట్ల పైన అవుతుంది. సిరామిక్ హోల్డరు, లావుపాటి తీగలు వేస్తే కప్లర్ నిలబడుతుంది గాని, రిఫ్లెక్టర్ మీది పూత ఆ సెగకు మసకబారి, కొన్నాళ్ళకు ఏ బల్బు వేసినా వెలుతురు రాని స్థితికి వస్తుంది. పైగా ఈ బల్బు వేసుకుని డిమ్ములో వచ్చినా ఎదుటివారికి ఇబ్బందే. ప్లాస్టిక్ డూమ్ ఉన్న ఏ కారుకూ ఇది తగదు.

ఇక ఎల్ఈడీ. దీని గురించి బజారులో చెప్పే మొదటి మాట, "సార్, దీనికి వేడే ఉండదు" అని. నాకూ అలాగే చెప్పారు, నేనూ నమ్మాను. ముందు గ్లాసు మీద చెయ్యి పెట్టి చూస్తే అది నిజమే అనిపిస్తుంది, ఇరవై నిమిషాల తర్వాత కూడా చల్లగానే ఉంది. అదే బల్బు వెనక వైపు, రబ్బరు మూత తీసి, బల్బును చల్లబరచడానికి దానికే అమర్చిన చిన్న ఫ్యాను దగ్గర వేలు పెడితే, ఒక్క క్షణం కూడా ఆనించలేకపోయాను. తెల్లని ఎల్ఈడీ వెలుతురులో పరారుణ కిరణాలు దాదాపు ఉండవు. తీసుకున్న కరెంటులో సుమారు మూడింట రెండు వంతులు వెలుతురు పుట్టించే చిప్ లోపలే వేడిగా మారుతుంది, ఆ వేడి కిరణంగా ముందుకు పోలేదు కాబట్టి లోహం గుండా వెనక్కే పాకాలి. మొత్తం వేడి హాలోజన్ కంటే చాలా తక్కువే. 25 వాట్ల ఎల్ఈడీలో 16, 17 వాట్లు వేడిగా మారితే, 55 వాట్ల హాలోజన్‌లో దాదాపు 50 వాట్లు మారుతుంది. కానీ టంగ్‌స్టన్ తీగ 2,900 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది, ఎల్ఈడీ చిప్ 150 డిగ్రీల దరిదాపుల్లోనే తన హద్దు చేరుకుంటుంది. చిప్ వేడెక్కిన కొద్దీ దాని వెలుతురు తగ్గుతూ పోతుంది, ఆయుష్షు కూడా తగ్గుతుంది.

ఇందులో మన ఊరి వాతావరణం పెద్ద పాత్ర వహిస్తుంది. ఆ ఫ్యాను పీల్చుకునే గాలి ఇంజన్ బానెట్ కింద ఉన్న గాలి. మే నెలలో కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో కారు పావుగంట నిలబడితే ఆ గాలి ఎంత వేడిగా ఉంటుందో బానెట్ ఎత్తి చూసిన ఎవరికైనా తెలుసు. ఇక రబ్బరు మూత వేసి ఉంచితే ఫ్యాను తాను వదిలిన వేడి గాలినే తిరిగి తిప్పుకుంటుంది. మూత తీసేస్తే లేదా దానికి రంధ్రం చేస్తే, దుమ్ము, వానాకాలం నీళ్ళు డూమ్‌లోకి చేరతాయి. నా కారుకు బల్బులు అమర్చిన కుర్రవాడు బల్బు పట్టడానికి మూతను బ్లేడుతో కోశాడు, అప్పుడు నేనూ పట్టించుకోలేదు. భాద్రపదంలో వానలు పడినప్పుడు డూమ్ లోపల ఆవిరి పట్టి నీటి చుక్కలు నిలిచాయి. హాలోజన్ ఉన్న రోజుల్లో అలా పట్టినా కాసేపు లైటు వేస్తే గ్లాసు వెచ్చబడి ఆరిపోయేది. ఎల్ఈడీకి ఆ సెగ లేదు కాబట్టి చుక్కలు అలాగే ఉండిపోయి, వెలుతురును చెదరగొట్టాయి.

క్లాంప్ మీటరుతో చూసిన మరో విషయం కూడా చెప్పాలి. ఎల్ఈడీ వెలిగించిన మొదటి నిమిషంలో తీసుకున్న కరెంటు, పది నిమిషాలు గడిచేసరికి దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. బల్బు లోపలి సర్క్యూట్ చిప్‌ను మాడిపోకుండా కాపాడుకోవడానికి తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. అది మంచి ఏర్పాటే. అయితే దుకాణంలో వెలిగించి చూపించేది ఆ మొదటి నిమిషాన్నే. రోడ్డు మీద మనకు మిగిలేది పదో నిమిషం తర్వాత ఉండే వెలుతురు. పెట్టె మీద 200 వాట్లు, 20,000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) అని రాసి ఉంటే అది జరిగే పని కాదని వేరే పరీక్ష లేకుండానే చెప్పవచ్చు. అన్ని వాట్ల వేడిని బొటనవేలంత హీట్‌సింకు (వేడిని గాలికి వదిలే లోహపు దిమ్మ), ఆ చిన్న ఫ్యాను బయటకు పంపలేవు.

ఇంతవరకు చెప్పినది బల్బు బాగోగుల గురించి. మా తమ్ముణ్ణి చెట్టు దాకా తీసుకువెళ్ళినది మాత్రం వేడి కాదు, వెలుతురు పుట్టే చోటు. హెచ్4 బల్బులో తీగ ఐదారు మిల్లీమీటర్ల పొడవు ఉన్న సన్నని చుట్ట. డిమ్ము తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కిందికి పోయే వెలుతురును ఆపేస్తుంది కాబట్టి రిఫ్లెక్టర్ పై సగానికి మాత్రమే వెలుతురు తగిలి, రోడ్డు మీదికి వంగి పడుతుంది. అందుకే 13.2 వోల్టుల దగ్గర హై బీమ్ 1,650 ల్యూమెన్లు ఇస్తే, డిమ్ము 1,000 ల్యూమెన్లే ఇస్తుంది. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపూ ఆ తీగ ఫలానా చోట, ఫలానా మందంలో ఉందన్న లెక్క మీద చెక్కినది. ఎల్ఈడీ బల్బులో ఆ తీగ స్థానంలో ఒక పలక, దానికి రెండు వైపులా అతికించిన చిప్‌లు ఉంటాయి. పలకకు మందం ఉంది, చిప్‌లు రెండు పక్కలకే చూస్తాయి, పైకీ కిందికీ చూడవు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాయే కదా అని మనకు అనిపిస్తుంది గాని, యాభై మీటర్ల దూరంలో అది వెలుతురు ఎదుటివారి కంట్లో పడటానికీ, కాళ్ళ దగ్గర పడటానికీ మధ్య ఉన్న తేడా అవుతుంది.

గోడ మీద ఇది కళ్ళకు కట్టినట్టు కనిపించింది. హాలోజన్ వేసినప్పుడు గీతకు పైన గోడ దాదాపు చీకటిగా ఉంది. ఎల్ఈడీ వేసినప్పుడు గీత ఉన్నట్టే అనిపించింది, కానీ దానికి పైన కూడా తెల్లని పొగలాంటి వెలుతురు రెండో అంతస్తు కిటికీల దాకా పాకింది. కారు ముందు పది మీటర్ల లోపు నేల మాత్రం మిలమిలా మెరిసిపోయింది. నేను రెండు నెలలు సంతోషించినది ఆ మెరుపు చూసే. నిజానికి దగ్గర నేల అంత వెలిగిపోతే కంటిపాప ముడుచుకుని, దూరంగా మసకలో ఉన్న మనిషినో గేదెనో గుర్తించడం కష్టమవుతుంది. అందరూ ల్యూమెన్లు చూసి కొంటారు. ల్యూమెన్లు బల్బు అన్ని దిక్కులా వెదజల్లే మొత్తం వెలుతురుకు లెక్క. మనకు కావలసినది రోడ్డు మీద కావలసిన చోట పడే వెలుతురు, దాని లెక్క లక్స్. దూరం రెట్టింపైతే లక్స్ నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, బల్బు రెండింతలు వెలిగినా, చెల్లాచెదురైతే దూరానికి మిగిలేది ఏమీ ఉండదు.

జర్మనీలో 2020 నుంచి హాలోజన్ డూమ్‌లో పెట్టుకునే కొన్ని ఎల్ఈడీ బల్బులకు అనుమతి ఇచ్చారు. కానీ ఏ కారు, ఏ డూమ్ అన్నది ఒక్కొక్కటిగా పరీక్షించి, జాబితాలో ఉన్నవాటికే ఇచ్చారు. బల్బు మంచిదా కాదా అన్నది బల్బును మాత్రమే చూసి చెప్పలేమన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని చెబుతుంది. నేను మాత్రం చట్టానికి భయపడి ఆ బల్బులు తీయలేదు, తమ్ముడు చూపించిన చెట్టును చూసి తీశాను.

జినాన్ బల్బుల సంగతి కొద్దిగా చెబుతాను, ఇప్పుడు వాటి వాడకం తగ్గింది. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో ఇవి కార్లలోకి వచ్చాయి. తీగ ఉండదు, 20,000 వోల్టుల పైబడిన పోటుతో రెండు కొనల మధ్య నిప్పురవ్వ పుట్టి, అది వెలుతురుగా నిలుస్తుంది. 35 వాట్లకే 3,200 ల్యూమెన్లు ఇస్తుంది కాబట్టి ముందు గ్లాసుకు తగిలే సెగ హాలోజన్ కంటే తక్కువే. వెలిగిన కొన్ని సెకన్లకు గాని పూర్తి వెలుతురు రాదు. ప్రొజెక్టర్ లెన్సు ఉన్న కార్లలో ఇది చక్కని దీపం. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో కిట్ కొని పెడితే మాత్రం, మూడింతల వెలుతురు తప్పు దారిలో పోతుంది. పదేళ్ళ కిందట విజయవాడ హైవే మీద ఎదురుగా వచ్చే ప్రతి పదో కారూ ఇలాగే కళ్ళకు బైర్లు కమ్మించిన రోజులు నాకు గుర్తున్నాయి.

కంపెనీ నుంచే ఎల్ఈడీతో వచ్చే కార్లను ఈ తప్పుతో కలపకూడదు. 2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్ డిమ్ముకు ఎల్ఈడీ వాడింది, 2008లో ఆడి ఆర్8లో పూర్తి ఎల్ఈడీ హెడ్‌లైటు వచ్చింది. అలాంటి డూమ్‌లో చిప్ కోసమే లెన్సును, వెనక పెద్ద అల్యూమినియం హీట్‌సింకును, గాలి పోయే దారిని కలిపి రూపొందిస్తారు. మా చెల్లెలు ఈ మధ్య కొన్న కారును అదే గోడ ముందు నిలిపి చూశాను. గీత కత్తితో కోసినట్టు ఉంది, దానికి పైన చీకటి, కింద ఒకే తీరుగా పరుచుకున్న తెల్లని వెలుతురు. "అన్నయ్యా, నీ గోడ పరీక్షలో నా కారు పాసయిందా?" అని అడిగింది. పాసవడమే కాదు, నా పాత కారు ఎన్ని చేసినా దాని దరిదాపులకు రాదు. ఎల్ఈడీ మీద నాకు ఏ కోపమూ లేదు. దాని కోసం కట్టని ఇంట్లో దాన్ని కాపురం పెట్టడమే తప్పు.

మరి పాత కారు ఉన్నవాళ్ళు ఏం చేయాలన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న. దీనికి జవాబు నాకు బల్బులో కాదు, కారు వైరింగ్ తీగల్లో దొరికింది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటరు 13.9 వోల్టులు చూపించింది. హెడ్‌లైటు కప్లర్ దగ్గర, బల్బు వెలుగుతుండగా చూస్తే 12.6 మాత్రమే ఉంది. మధ్యలో ఉన్న 1.3 వోల్టులు సన్నని తీగలూ, పాతబడిన స్విచ్చూ, తుప్పు పట్టిన ఎర్త్ పాయింటూ తినేస్తున్నాయి. హాలోజన్ వెలుతురు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, ఇంకా ఎంతో వేగంగా తగ్గుతుంది: వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం పోతుంది. నేను ఇన్నేళ్ళూ పాత పసుపు వెలుతురు అని తిట్టుకున్నది బల్బు తప్పు కాదు, దానికి తిండి చాలలేదు.

అందుకని రిలే వైరింగ్ కిట్ వేయించాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు. ఇందులో బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా లావుపాటి తీగ నేరుగా రిలే 30వ పిన్నుకు వస్తుంది, 87 నుంచి బల్బుకు పోతుంది. పాత హెడ్‌లైటు తీగ 85, 86 పిన్నుల మధ్య ఉన్న కాయిల్‌కు కరెంటు ఇచ్చి రిలేను కలిపే పని మాత్రమే చేస్తుంది. కంపెనీ తీగను ఎక్కడా కోయవలసిన అవసరం లేదు, పాత కప్లర్ కిట్‌లోని సాకెట్‌కు తగిలిస్తే చాలు. అయితే కొన్ని కార్లలో స్విచ్చు పాజిటివ్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది, వాటికి కిట్ వేరుగా ఉండాలి, కాబట్టి తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం దాటకుండా ఉండేలా దగ్గర నిలబడి చూసుకోవాలి. ఎర్త్ తీగను బాడీకి బిగించే చోట రంగు గీకించాను. పని అయ్యాక కప్లర్ దగ్గర 13.6 వోల్టులు వచ్చాయి. మునుపటి 12.6తో పోలిస్తే, మామూలు 60/55 బల్బుతోనే, వెలుతురు దాదాపు 30 శాతం పెరిగినట్టు లెక్క. ఆ ఒక్క వోల్టుకు బల్బు ఆయుష్షు కొంత తగ్గుతుంది, ఆ బేరం నాకు సమ్మతమే.

ఇక గురి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయించరు. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, హెడ్‌లైటు గురిని పైకీ కిందికీ మార్చే లెవలింగ్ మీటను సున్నా మీద పెట్టి, గోడకు ఐదు మీటర్ల దూరంలో కారు నిలపాలి. గోడ మీద బల్బు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గుర్తు పెట్టి, దానికి ఐదు సెంటీమీటర్లు కింద మరో గీత గీయాలి. డిమ్ము గీత ఆ రెండో గీత మీద నిలవాలి. అది నూటికి ఒకటి వాలు, అంటే పది మీటర్లకు పది సెంటీమీటర్లు. మనం ఎడమ వైపు నడుపుతాము కాబట్టి గీత ఎడమ వైపున పైకి లేచి, రోడ్డు పక్కన నడిచేవారిని చూపించాలి. నా కుడి డూమ్ ఆరేడు సెంటీమీటర్లు పైకి ఉండటం చూసి సిగ్గుపడ్డాను. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉన్నప్పుడు కారు ముక్కు పైకి లేస్తుంది, అప్పుడు ఆ మీటను తిప్పాలి. అనంతగిరి నుంచి వస్తున్న ఆ రాత్రి మా కారు నిండుగా ఉంది, మీట సున్నా మీదే ఉంది. ఆ తప్పు పూర్తిగా నాదే.

ద్విచక్ర వాహనాల విషయం కూడా ఇలాంటిదే. వాటిలో ఎక్కువగా వాడే హెచ్ఎస్1 బల్బు 35/35 వాట్లది, డిమ్ములో 525 ల్యూమెన్లే ఇస్తుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది కాబట్టి పగలంతా ఆ చిన్న ప్లాస్టిక్ డూమ్ సెగ భరిస్తూనే ఉంటుంది. దానిలో ఎక్కువ వాట్ల బల్బు పెడితే ముందు పాడయ్యేది రిఫ్లెక్టరే.

రంగు గురించి చాలామంది అడుగుతారు. పొగమంచులో పసుపు వెలుతురు చీల్చుకుపోతుందని అంటారు గాని, మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కాబట్టి అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. తేడా కంటిలో ఉంది. ఒకే లక్స్ దగ్గర నీలం కలిసిన తెలుపు కంటిని ఎక్కువగా బాధిస్తుంది. వయసు పెరిగిన కళ్ళు ఒకసారి మిరుమిట్లు తగిలాక తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. మా నాన్నగారు రాత్రిపూట కారు నడపడం మానేయడానికి కారణం అదే. ఎదుటి లైటు పోయాక రోడ్డు మళ్ళీ కనబడేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ణి అని ఆయన చెప్పేవారు.

డిమ్ములో మామూలుగా మనకు స్పష్టంగా కనిపించేది 50, 60 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడేలోపే 30 మీటర్ల పైన గడిచిపోతాయి, ఆగడానికి పొడి రోడ్డు మీద మరో 35 మీటర్లు కావాలి. అవుటర్ రింగు రోడ్డు మీద వీధి దీపాలు ఉన్నాయి కాబట్టి అక్కడ ఈ లెక్క మనకు తెలిసిరాదు. మర్రిచెట్ల దారిలో తెలిసివస్తుంది. ఏ బల్బు వేసినా నేను అక్కడ డిమ్ములో 60 దాటడం మానేశాను.

మాఘ మాసంలో ఒక రాత్రి అదే దారిలో, అదే చెట్టు దగ్గర తమ్ముణ్ణి నిలబెట్టాను. మామూలు 60/55 హాలోజన్, కొత్త వైరింగ్, సరిచేసిన గురి. రెండు సార్లు దూరం నుంచి వాడికి ఎదురుగా వచ్చాను. "ఇప్పుడు నీ కారు దాటేదాకా రోడ్డు పక్క తెల్ల గీత కనబడుతూనే ఉంది అన్నయ్యా" అన్నాడు. నాకు కూడా రోడ్డు మునుపటి కంటే దూరం కనబడింది. తెల్లగా మెరవలేదు, కానీ ఎడమ అంచున నడిచి వెళ్తున్న ఇద్దరు కూలీలను వాళ్ళ తల మీది సద్ది గిన్నెలతో సహా ముందే చూడగలిగాను.

కోసిన రబ్బరు మూతలు మార్పించాను. గ్లవ్ బాక్సులో ఒక హాలోజన్ బల్బు అదనంగా ఉంచాను; దాని క్వార్ట్జ్ మీద చేతి జిడ్డు అంటితే వేడికి ఆ చోటే దెబ్బతింటుంది కాబట్టి పెట్టెలోంచి తీయకుండా, పక్కన ఒక శుభ్రమైన గుడ్డ కూడా పెట్టాను. ఎల్ఈడీ జతను సగం ధరకు తీసుకుంటామని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఎవరికి ఇచ్చినా అది ఇంకో హాలోజన్ డూమ్‌లోకే వెళ్తుందని ఇవ్వలేదు. పాత బ్యాటరీకి తగిలించి, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కడిగేటప్పుడు దీపంగా వాడుకుంటున్నాము.